చేవ లేని టేకు.. చెదలకు విందు
కలప కొనుగోలులో అప్రమత్తత అవసరం
రసీదు లేకుంటే రెండు విధాలా నష్టం

టేకు అడవులకు పేరొందిన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే గృహ నిర్మాణదారులకు కలప ఎంపిక పెద్ద పరీక్షగా మారింది. గోదావర్మన్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో చెట్ల నరికివేతపైన, కోత మిల్లులపైన ఆంక్షలు బిగుసుకున్నాయి. 2012లో కవ్వాల్ పులుల సంరక్షణ కేంద్రమైంది. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ టేకు దుంగల ఎగుమతిని నిలిపివేసింది. దీంతో తోటల్లో పెంచిన లేత టేకు, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల టేకు విపణిలోకి వచ్చాయి. పేరు ఒకటే అయినా అన్నింటి మన్నిక ఒకటి కాదు.

రంగు కాదు.. చేవ ముఖ్యం

టేకు బలమంతా చేవలోనే ఉంటుంది. అందులోని సహజ తైలాలు చెదలను దరిచేరనీయవు. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. లేత చెట్లలో తెల్లచెక్క పాలు ఎక్కువ. రంగు పూస్తే రెండింటికీ తేడా కనిపించదు. కాబట్టి రంగు వేయకముందే, కోసిన కొసను పరిశీలించాలి. చేవ బంగారు గోధుమ వన్నెలో, తెల్లచెక్క పాలిపోయినట్లు కనిపిస్తాయి.

కలప ఆరిందా లేదా అన్నది మరో కీలకాంశం. పచ్చి కలపతో చేసిన తలుపులు వేసవిలో కుంచించుకుపోయి సందులిస్తాయి. మందాన్ని, ప్రాంతంలోని గాలి తేమను బట్టి తలుపులు, దర్వాజాల కలపలో తేమ స్థూలంగా 8 నుంచి 16 శాతం లోపు ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. 112 గ్రాముల ముక్క పూర్తిగా ఎండిన తర్వాత 100 గ్రాములు తూగితే తేమ 12 శాతమని లెక్క.

దూలాలకు మరింత జాగ్రత్త

పెంకుటింటి దూలంపై బరువు పడినప్పుడు దాని అడుగు భాగం సాగుతుంది. సరిగ్గా అక్కడే, నడిమధ్యన పెద్ద ముడి ఉంటే దూలం విరిగే ప్రమాదముంది. నార ఏటవాలుగా సాగినా, కొసల్లో లోతైన పగుళ్లున్నా అలాంటి కలపను తిరస్కరించాలి. బరువు మోసే దూలానికి టేకే కావాలన్న నియమమేమీ లేదు. బాగా ఆరిన నల్లమద్ది, ఏగిస కూడా గట్టి కలపలే.

పావు అంగుళంతో 13 శాతం కోత

కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే పరిమాణం వస్తుంది. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందంతో దర్వాజాకు 18 అడుగుల కలప కొంటే 1.875 ఘనపుటడుగులవుతుంది. రెండు వైపులా పావు అంగుళం చొప్పున తగ్గితే కొనుగోలుదారు దాదాపు 13 శాతం కలపను కోల్పోయినట్లే. అందుకే టేపుతో స్వయంగా కొలిచి, కోత తరుగు ఎవరి ఖాతాలోకి వస్తుందో ముందే తేల్చుకోవాలి.

చవకని ఆశపడితే..

రాత్రివేళ గుట్టుగా వచ్చే కలప చవకగా కనిపించవచ్చు. అయితే 1967 నాటి అటవీ చట్టం, 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల ప్రకారం అనుమతి పత్రం లేని కలపతో పాటు వాహనాన్నీ స్వాధీనం చేసుకునే అధికారం అటవీ శాఖకు ఉంది. అలాంటి కలప నాసిరకమని తేలినా నిలదీసేందుకు ఆధారముండదు.

కలప జాతి, కొలత, ఆరినదా పచ్చిదా అన్న వివరాలను రసీదుపై రాయించుకోవడమే కొనుగోలుదారుకు అసలైన రక్షణ. ఆ రసీదు ఉంటే వినియోగదారుల కమిషన్ తలుపు తట్టడం సులువవుతుంది. తూనికలు కొలతల శాఖ డిపోల్లో తరచూ తనిఖీలు చేపడితే, జీవితకాలపు పొదుపుతో ఇల్లు కట్టుకునే సామాన్యునికి ఊరట లభిస్తుంది.