నలభై దినాలు గడిచాక

శ్రమల దినాల ఉపవాసంతోనే బరువు కూడా తగ్గించుకుందామని నల్లగొండ, పాలమూరు ఊళ్లలో మేము ప్రార్థనకు వెళ్లిన ఇళ్లలో కొందరు అంటున్నారు. పూటకు గ్లాసెడు అంబలి, అంతే. బరువు తగ్గుతుంది, మేము కాదనము. ఏడాది తిరిగాక సంగతేమిటి?

బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనంలో షుగరున్నవారికి వైద్య పర్యవేక్షణలో మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 క్యాలరీలే ఇచ్చారు. ఏడాదికి సగటున 10 కిలోలు తగ్గారు. రెండేళ్లకు ఆ తగ్గుదల 7.6 కిలోలే. అది కూడా, నెలనెలా కలిసి నడిపించేవారు వెంట ఉండగా.

పస్తున్న దేహం ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. అది పాపం కాదు, దేహం తీరు. బరువు తిరిగొచ్చిందని సిగ్గుపడి స్త్రీల కూటానికి రాని అక్కను చూసి నవ్వవద్దు, వెళ్లి పలకరిద్దాం.

మన్నాను ఏ రోజుది ఆ రోజే కూర్చుకున్నారు గదా. మితంగా జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, తోడుగా ఒకరితో రోజూ నడక: బ్రతుకంతా సాగేది ఇదే. షుగరు మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా పస్తుండవద్దు. ఉపవాసం ప్రభువు కోసం, తూకం కోసం కాదు.