ఇంట్లోనే రైఫిల్ బిగిస్తే..? గన్ రెడీ కాకముందే కేసు!

పార్టులు కొని ఇంట్లోనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ బిగించుకోవడం అమెరికాలో చాలా మందికి హాబీ. అక్కడ కూడా గన్ కిట్లకు సీరియల్ నంబర్ ఉండాలని 2022లో రూల్ తెచ్చారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో దాన్ని సమర్థించింది.

మన దగ్గర సీన్ వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ భాగాలు, వాటిని తయారు చేసే మెషిన్లు కూడా ఆయుధాలే. గన్ లైసెన్స్ ఉన్నా అది కొని దగ్గర పెట్టుకోవడానికే, తయారీకి పనికిరాదు. లైసెన్స్ లేకుండా తయారు చేస్తే కనీస శిక్ష 2019 సవరణతో 3 ఏళ్ల నుంచి 7 ఏళ్లకు పెరిగింది. గరిష్ఠంగా జీవిత ఖైదు.

నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్, చందంపేట వైపు రైతులూ ఈ విషయం తెలుసుకోవాలి. అడవి పందుల బెడదకు నాటు తుపాకీ చేయించుకుంటే.. చేసినవాళ్లకు పై శిక్ష, దగ్గర పెట్టుకున్నవాళ్లకు 2 నుంచి 5 ఏళ్ల జైలు.

నిజానికి పంట కాపలా కోసం మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్స్ ఇచ్చే వీలు చట్టంలోని సెక్షన్ 13లోనే ఉంది. దాంతో పందులను బెదరగొట్టొచ్చు. అనుమతి లేకుండా చంపితే మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కింద మరో కేసు.