ఒకరి నిద్ర ఇంకొకరు పోలేరు

పరీక్షలు దగ్గర పడ్డాయంటే మన హాస్టళ్ళలో ఒక పోటీ మొదలవుతుంది. "రాత్రి ఎన్నింటిదాకా చదివినవ్‌రా?" "మూడింటిదాకా." "గంతేనా? నేను కన్నే మూయలే!" ఈ పోటీలో నెగ్గినవాడు మొనగాడు, పదింటికే పడుకున్నవాడు సోమరి. మన తల్లిదండ్రులు, కొందరు లెక్చరర్లు కూడా ఈ లెక్కనే నమ్ముతారు. నిద్ర అంటే పోగొట్టుకున్న కాలమనీ, ఎంత తగ్గిస్తే అంత లాభమనీ మన బుర్రల్లో నాటుకుపోయింది. ఇది తప్పుడు లెక్క అని నా అభిప్రాయం. జీవశాస్త్రం కూడా అదే అంటున్నది.

నిద్రగన్నేరు చెట్టును మీరంతా చూసే ఉంటారు. పొద్దుగూకే వేళకు ఆకులు ముడుచుకుంటుంది. మన చింతచెట్టూ అంతే. చీకటి పడింది కాబట్టి ముడుచుకుందని అనుకుంటాం. 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ద మైరాన్ ఇలాగే ఆకులు ముడిచే ఒక మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు సోకకపోయినా అది పగలు ఆకులు విప్పింది, రాత్రి ముడిచింది. అంటే గడియారం మొక్క లోపలే ఉందన్నమాట! 1971లో అమెరికాలో కొనోప్కా, బెంజర్ అనేవారు మాగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో ఈ గడియారానికి సంబంధించిన జన్యువు ఆచూకీ తీశారు. అది నడిచే తీరు విప్పి చెప్పినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తీరు అర్థం కానిదేమీ కాదు. జన్యువు ఒక ప్రొటీన్‌ను తయారుచేయిస్తుంది. ఆ ప్రొటీన్ పేరుకొని, చివరికి ఆ జన్యువునే ఆపేస్తుంది. అది కరిగిపోగానే జన్యువు మళ్ళీ పని మొదలుపెడుతుంది. ట్యాంకు నిండితే ఆగి, ఖాళీ అయితే తిరిగే మోటరు లాంటిదే. ఈ చుట్టుకు దాదాపు ఒక రోజు పడుతుంది.

మనిషిలో పెద్ద గడియారం మెదడు అడుగున, రెండు కళ్ళ నరాలు కలిసే చోటుకు కాస్త పైన, బియ్యపు గింజంత ఉంటుంది. దాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుగు. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను ఊరి, ఇక రాత్రయిందని ఒంటికంతటికీ కబురు చేస్తుంది. పదిహేను, పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ కబురు పెద్దవాళ్ళకంటే ఆలస్యంగా అందుతుంది. అది పిల్లల పొగరు కాదు, వయసు లక్షణం. అందుకే అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2014లో ఈ వయసువారి బడులు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దని చెప్పింది. మన దగ్గరో? తెల్లవారుజామున ఐదింటికే స్టడీ అవరని లేపి, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టే రెసిడెన్షియల్ కాలేజీలకే గిరాకీ!

పోనీ, నిద్రలో మెదడు ఊరికే ఉంటుందా? ఉండదు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనేవారు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని, ఆ దశలో లేపితే మనుషులు కలలు చెబుతున్నారని కనుగొన్నారు. సుమారు తొంభై నిమిషాలకొకసారి గాఢనిద్ర, కలల నిద్ర చుట్టు తిరుగుతాయి. పగలు చదివింది గట్టిపడేది ఈ నిద్రలోనే. రాత్రంతా చదివి నిద్ర మానినవాడు ధాన్యం కల్లంలో పోసి, ఇంటికి చేర్చకుండా వానకు వదిలేసిన రైతు లాంటివాడు. చాయ్ తాగితే సరిపోతుందంటారా? చాయ్ నిద్ర అప్పు తీర్చదు. అప్పులవాడు తలుపు కొడుతుంటే చెవుల్లో దూది పెట్టుకున్నట్టు, అంతే.

ఇది ఒక్క విద్యార్థుల గొడవే అయితే ఇంత రాయనక్కరలేదు. మన సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు, విజయవాడల రహదారి పోతుంది. రాత్రి రెండు నుంచి ఐదు గంటల దాకా శరీర గడియారం బాగా మందగించే వేళ. ఆ వేళలోనే లారీలూ బస్సులూ ఈ దారిన పరుగెత్తుతుంటాయి. డ్రైవరు పని రోజుకు ఎనిమిది గంటలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది, దూరప్రయాణాలకు కొంత సడలింపుతో. కానీ లారీ క్యాబిన్‌లో చట్టాన్ని చూసేదెవరు? మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో సీజనొస్తే రాత్రీ పగలూ ఒక్కటే. మొన్నమొన్నటిదాకా, 2018లో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలయ్యేదాకా, మన రైతులు రాత్రి విడత కరెంటు కోసం పాములకు భయపడుతూ బాయికాడ కాపలా కాశారు. రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్‌కు కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ప్రకటించింది, 2019లో మళ్ళీ అదే చెప్పింది.

మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర కథ ఉంది. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేలుకొని ఉంటే, అతని నిద్ర కూడా ఇక్కడ ఊర్మిళ పోయిందట. ఎవరి నిద్రయినా ఎక్కడో ఒకచోట తీరవలసిందేనని ఆ కథ కట్టిన అమ్మలకు తెలుసు. కానీ నిజజీవితంలో ఏ డ్రైవరుకూ, ఏ హమాలీకీ ఊర్మిళ లేదు. ఒకరి నిద్ర ఇంకొకరు పోలేరు.

కనుక మన యూనియన్ చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. పరీక్షల ముందు తెల్లవారుజాము స్పెషల్ క్లాసులు వద్దని ప్రిన్సిపాల్ గారిని కోరవచ్చు. హాస్టల్లో పదకొండు గంటలకు లైట్లు తీసే నియమం మనకు మనమే పెట్టుకోవచ్చు. రహదారి మీద డ్రైవర్లు కాసేపు నడుం వాల్చడానికి శుభ్రమైన గదులు కావాలని అధికారులకు అర్జీ పెట్టవచ్చు. లెక్చరర్లకూ ఒక మనవి. మిల్లులో రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు చివరి బెంచీలో కునుకు తీస్తే, నిలబెట్టి తిట్టేముందు "రాత్రి ఎక్కడున్నవ్ నాయనా?" అని ఒక్కమాట అడగండి.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఆకలి మీద మనం ఎన్నో ఊరేగింపులు తీశాం. నిద్ర గురించి కూడా ఇక మాట్లాడవలసిన సమయం వచ్చింది.