రసాయనాలు ఒక్కసారిగా మానాలా? బోర్డో ద్రాక్షతోట అనుభవం, కోనసీమ రైతుకు సూచనలు

కొబ్బరిలో మొవ్వు కుళ్ళుకు మనం వాడే బోర్డో మిశ్రమానికి ఆ పేరు ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్ష సీమ నుంచి వచ్చింది. 1880ల్లో అక్కడ ద్రాక్షకు సోకిన బూజు తెగులుపై మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారు.

ఆ సీమలోనే షాటో పాంటే కానే అనే పాత ఎర్ర వైన్ తోట ఉంది. విస్తీర్ణం సుమారు 200 ఎకరాలు. 1855 నాటి వైన్ల వర్గీకరణలోనే దానికి చోటు దక్కింది. 2004లో అక్కడ బయోడైనమిక్ సేద్యం మొదలుపెట్టారు. రసాయనాలు మానేసి, ఆవు కొమ్ములో పేడ నింపి పాతిపెట్టి తయారుచేసిన ఎరువును నీటిలో కలిపి చల్లడం ఈ సేద్యంలో ఒక పద్ధతి. 2007లో బూజు తెగులు ముదరడంతో పంట పోతుందని భయపడి రసాయన మందు కొట్టారు. దాంతో ధ్రువీకరణ వెనక్కి పోయి, 2010లో గానీ దక్కలేదు. 2018లో తెగులు మళ్లీ వచ్చింది. ఈసారి రసాయనం జోలికి పోలేదు. దాదాపు మూడింట రెండు వంతుల పంట పోయింది. సీసా వేల రూపాయలు పలికే తోట కాబట్టి తట్టుకుంది.

కేంద్రం 2024 నవంబరులో జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌ను ఆమోదించింది. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ప్రోత్సహిస్తోంది. దారి మంచిదే. కానీ రెండెకరాల రైతు అలాంటి ఒక్క ఏడాది నష్టాన్నీ మోయలేడు. అందుకే మార్పు విడతలుగా జరగాలి.

మనకు అనుకూలమైన ఉదాహరణ ఇంటి దగ్గరే ఉంది. కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమకు రసాయనాలు కొడితే దాన్ని తినే మిత్రపురుగులే ముందు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇసారియా శిలీంద్రాన్ని, మిత్రపురుగులను పెంచి రైతులకు అందిస్తోంది.

సూచనలు:

* మొదట తోటలో నాలుగో వంతులోనే మొదలుపెట్టండి. ఖర్చు, కాయల లెక్క విడిగా రాయండి.
* ఎగుమతికి సేంద్రియ ధ్రువీకరణ కావాలంటే కొబ్బరి వంటి బహువార్షిక పంటకు మూడేళ్ల మార్పిడి కాలం ఉంటుంది. ఆలోపు అదనపు ధర వస్తుందని అప్పు చేయవద్దు.
* ఇసారియా కొట్టిన రోజుల్లో బోర్డో మిశ్రమం చల్లవద్దు. అది శిలీంద్రాన్ని చంపుతుంది.
* మొవ్వు కుళ్ళు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. సేంద్రియ నిబంధనల్లో బోర్డో మిశ్రమానికి పరిమితులతో అనుమతి ఉంది. ధ్రువీకరణలో ఉన్నవారు ముందే ఆ సంస్థను అడగాలి.
* కొనేవాడు ఎవరో తేలాకే మిగతా తోటను మార్చండి.