దిద్దే చేతికి చోటు

తిరుపతి జిల్లాలోని ఏర్పేడు గురించి ఇంటర్నెట్‌లో తెలుగులో వెతికితే రకరకాల సరుకు దొరుకుతుంది. ఐఐటీ ప్రాంగణం మీద డ్రోన్ వీడియోలు, వ్యాసాశ్రమం మీద భక్తిగా చెప్పిన ముచ్చట్లు, శ్రీకాళహస్తి దారిలో హోటళ్లకు జనం ఇచ్చిన స్టార్లు, చుట్టుపక్కల పల్లెల మీద వికీపీడియా పేజీలు. వాటిలో ఎంతో శ్రద్ధతో చేసినవీ ఉంటాయి, అసలు సంగతికంటే ‘సబ్‌స్క్రైబ్ చేయండి’ అన్న మాటే ఎక్కువ వినిపించేవీ ఉంటాయి. రాష్ట్రంలో చాలా పల్లెల పేజీలు 2011 జనాభా లెక్కల పట్టికను వాక్యాలుగా మార్చినట్టుంటాయి. ఎన్ని హెక్టార్లో ఉంటుంది కానీ ఊరి చెరువు పేరుండదు, జాతర ఎప్పుడో ఉండదు. ఎవరు పడితే వాళ్లు రాస్తే ఇంతేనని విసుక్కోవడం సహజం.

పిల్లల ఆటల్లోనూ ఇదే తంతు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి ఫోన్ ఆటలు తమ ఆటగాళ్లనే సొంతంగా మ్యాపులు కట్టుకోనిస్తున్నాయి. వాటిలో చాలావరకు ఒకరిని చూసి ఒకరు కట్టినవే. అయితే ప్రపంచమంతా ఏళ్ల తరబడి ఆడిన కౌంటర్ స్ట్రైక్ కూడా ఇలాంటి ఔత్సాహికుల చేతుల్లోనే పుట్టింది. 1999లో ఇద్దరు కుర్రాళ్లు హాఫ్ లైఫ్ అనే ఆటను తమకు నచ్చినట్టు మార్చుకున్నారు. మరుసటి ఏడాదికే, అసలు ఆటను తయారుచేసిన వాల్వ్ కంపెనీ దాన్ని తన సొంతం చేసుకుంది. నాసిరకం వస్తుందన్న భయంతో ముందే తలుపు మూసి ఉంటే అదీ బయటే ఉండిపోయేది.

అలాగని ఏది వచ్చినా సరేననలేం. ఆడేవాళ్లే లెవెళ్లు కట్టుకునే సూపర్ మారియో మేకర్ ఆటను 2015లో తెచ్చినప్పుడు నింటెండో కంపెనీ ఒక షరతు పెట్టింది. ఎంత కష్టమైన లెవెల్‌నైనా కట్టుకోవచ్చు, కానీ నలుగురికీ పంచేముందు కట్టినవాళ్లే దాన్ని ఆడి చివరిదాకా చేరాలి. దాంతో నాసిరకం పోలేదు కానీ, ఎవరూ దాటలేని లెవెల్ మాత్రం జనం మీదికి రాకుండా ఆగింది. మనకు తెలియనివాళ్లు ఆడతారు, చదువుతారు, చూస్తారు అన్న ఎరుక ఆ షరతులో ఉంది.

డబ్బు తీసుకుని చేస్తే బాగుంటుంది, సరదాకి చేస్తే బాగుండదు అనుకోవడానికీ లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా జీతంలేని మనుషుల చేతిపని. 2010 ప్రాంతంలో గూగుల్ అనువాదకులకు డబ్బిచ్చి, తన పరికరాలతో ఇంగ్లిష్ వ్యాసాలను తెలుగు చేయించి అందులో చేర్పించింది. పొడుగాటి వ్యాసాలు చాలా వచ్చాయి, కానీ తెలుగు నుడి కనబడని వాక్యాలే ఎక్కువ. రాసినవాళ్లు మళ్లీ వెనక్కి వచ్చి సరిచేయలేదు. ఆ బరువు ఉన్న కొద్దిమంది స్వచ్ఛంద సభ్యుల మీదే పడింది.

అసలు తేడా దిద్దే వీలులో ఉందని ఏర్పేడు జిల్లా పేరే చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఈ మండలం చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. వికీ పేజీలో ఆ ముక్కను తెలిసిన ఎవరైనా మార్చవచ్చు. అంతకుముందు తీసిన వీడియోలో మాత్రం ఏర్పేడు ఎప్పటికీ చిత్తూరు జిల్లాలోనే ఉంటుంది. తప్పని కింద వ్యాఖ్య రాయగలమే కానీ తప్పును తీసేయలేం. పైగా ఆ వ్యాఖ్య కూడా వీడియోకు ఆదరణ కిందే జమవుతుంది.

చూసేవాళ్లు దిద్దడం ఇక్కడ కొత్తేమీ కాదు. ఈ పల్లెల్లో సేద్యం చేసుకునేవాళ్లే ముఖానికి రంగేసుకుని నాటకం కట్టిన రోజుల్లో హార్మోనిస్టు నెలల తరబడి పద్యాలు వల్లెవేయించేవాడు. ఆట రోజు తడబడితే జనంలోంచి ఎవరో పద్యం అందించేవారు. చూసేవాళ్లకు కూడా ఆటలో పాలుండేది. ఇప్పటి తెరల మీద ఆ పాలు ఒక లైకు దగ్గర ఆగిపోయింది.

తలుపు తీయడం ఒక్కటే చాలదని ఏర్పేడు చరిత్రే చెబుతుంది. మలయాళ స్వామి 1926లో ఇక్కడే వ్యాసాశ్రమం స్థాపించి, కులభేదం లేకుండా, ఆడవాళ్లకు సైతం సంస్కృతం, వేదాంతం నేర్చుకునే వీలు కల్పించారు. అర్హత లేనివాళ్లకు ఈ చదువెందుకన్న అభ్యంతరం అప్పట్లో గట్టిగానే వినిపించింది. ఆయన తలుపు తీసి ఊరుకోలేదు, వచ్చినవాళ్లకు చదువు చెప్పే ఏర్పాటూ చేశారు. ఇవాళ్టి కంపెనీలు మొదటి పని ఉత్సాహంగా చేస్తున్నాయి, అందులో రాబడి ఉంది. ఖర్చూ ఓపికా కావలసిన రెండో పనిని ఎవరి మానాన వాళ్లకు వదిలేస్తున్నాయి.

ఆ రెండో పనిలో కొంత మనమూ చేయవచ్చు. ఏర్పేడు మండలంలో ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థలు రెండూ ఉన్నాయి. కంప్యూటరు చేతనైన పిల్లలు అక్కడున్నారు, ఏ చెరువు కింద ఎంత ఆయకట్టో, ఏ గుడి ఎవరు కట్టించారో చెప్పగల పెద్దలు పక్క పల్లెల్లో ఉన్నారు. వీళ్లూ వాళ్లూ ఒక ఆదివారం కలిసి కూర్చున్నా కొన్ని ఊళ్ల పేజీలకు ప్రాణం వస్తుంది. ఔత్సాహికుల మొదటి రాత పచ్చిగానే ఉంటుంది. దానికి మార్కులు వేసేది పదిమంది చేతులు పడ్డాకే అయితే న్యాయంగా ఉంటుంది.