రేగడి పెరట్లో ఇసుక పోయొద్దు

తడిస్తే బంక, ఎండితే బండ. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వైపు కొత్తగా ఇల్లు కట్టుకుని, పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు వేయబోయేవారిని నల్లరేగడి ఇలాగే బెదరగొడుతుంది. వానాకాలంలో నీరు ఇంకక వంగ, టొమాటో మొక్కలు వేరు కుళ్లి వాలిపోతాయి. వేసవిలో నేల నెర్రెలిచ్చి వేళ్లు తెగిపోతాయి. దాంతో చాలామంది చేసే మొదటి పని, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకను మట్టిలో కలపడం.

దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. బంకమట్టి రేణువులు మరీ సన్నం. ఇసుక సందుల్లోకి అవి దూరిపోయి నేల ఇంకా బిగుసుకుపోతుంది. ఇసుక నిజంగా పనిచేయాలంటే మట్టిలో సగానికి పైగా అదే ఉండాలి. అంత ఇసుక కొనే బదులు పశువుల ఎరువు తోలించుకుంటే డబ్బుకి విలువ ఉంటుంది.

నిజానికి రేగడి పేద నేలేం కాదు. పత్తికీ మిరపకీ పేరుపడ్డది ఇదే. నీటినీ పోషకాలనూ బాగా పట్టి ఉంచుతుంది. లేనిదల్లా గాలి ఆడే సందు. బాగా చివికిన ఎరువు గానీ, వర్మీ కంపోస్టు గానీ 2, 3 అంగుళాల మందాన పరిచి, పైన ఉన్న 6 నుంచి 8 అంగుళాల మట్టిలో కలిపితే రేణువులు చిన్న చిన్న బెడ్డలుగా కట్టి, మధ్యలో సందులు ఏర్పడతాయి. ఒక్కసారితో అయిపోదు, ఏటా వేస్తూ ఉండాలి. పచ్చిపేడ మాత్రం వద్దు. చెదలూ కలుపూ వెంట వస్తాయి.

తవ్వడానికి పదును చూసుకోవాలి. గుప్పెడు మట్టి ఉండ చేసి వేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. నిగనిగలాడుతూ చేతికి అంటుకుంటే పార పక్కన పెట్టేయాల్సిందే. తడి రేగడిని తవ్వినా, తొక్కినా ఆ గడ్డలు ఆ సీజనంతా రాళ్లలా మిగులుతాయి. అందుకే 3, 4 అడుగుల వెడల్పున, అరడుగు ఎత్తున మడులు కట్టుకోవాలి. నడక కాలువల్లోనే. అటూ ఇటూ కూర్చుంటే చెయ్యి నడిమి దాకా అందుతుంది, వాననీరూ కాలువలోకి జారిపోతుంది.

ఎరువు దొరకనివారికి జనుము, జీలుగ ఉన్నాయి. తొలకరికి చల్లి, 40, 45 రోజులకి పూత మొదలవుతుండగా కోసి మట్టిలో కలపాలి. అది చివకడానికి రెండు వారాలు ఆగి నారు నాటాలి. ఎండాకాలం మడుల మీద ఎండుగడ్డి, రాలిన ఆకులు పరిస్తే నెర్రెలు తగ్గుతాయి.

జిప్సం చల్లమని చెప్పేవారూ ఉంటారు. అది చౌడు నేలకి మందు. మట్టి పరీక్షలో చౌడు అని తేలితేనే కొనాలి.

మొదటి ఏడాది క్యారెట్, ముల్లంగి జోలికి పోకపోతే మంచిది, గడ్డ వంకర తిరుగుతుంది. బెండ, గోరుచిక్కుడు, వంగ వేసుకోవచ్చు.