క్షారజలము – తరవాణి కుండ

గతమాసము మన సంఘ సమావేశము ముగిసిన పిమ్మట పెద్దలొకరు తమ సంచిలోనుండి ఒక నీటి సీసా తీసి చూపిరి. అది క్షారజలమట, రక్తములోని ఆమ్లమును విరిచివేయునట! అందుచే మధుమేహమునకు వాడుచున్న మందును మానివేసితిమని వారు సంతోషముతో చెప్పిరి. మేము భయపడితిమి. ఇట్టి సీసాలును, ఆ నీటిని తయారుచేయు ఖరీదైన యంత్రములును మన ఇండ్లలోనికి వచ్చుచున్నవి గనుక, నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలంచితిమి.

ఆమ్లక్షారములను కొలుచు మానమునకు పి.హెచ్. అని పేరు. 7 సమస్థితి, తగ్గినది ఆమ్లము, మించినది క్షారము. ఆరోగ్యవంతుని రక్తము 7.35కును 7.45కును నడుమనే నిలుచును. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును, మూత్రపిండములు మిగులు ఆమ్లమును వెలికి పంపుచు రేయింబవళ్లు ఆ కాపు కాయుచున్నవి. మనము త్రాగిన క్షారజలము మొదట చేరునది ఆమ్లము నిండిన జీర్ణకోశమునకు. దాని క్షారగుణము చాలవరకు అచటనే నశించును. తిండి మారినచో మూత్రముయొక్క పి.హెచ్. మారుట నిజమే. అది మూత్రపిండములు తమ పని చేయుచున్నవనుటకు గుర్తే గాని, రక్తము మారినదనుటకు సాక్ష్యము కాదు.

రక్తము నిజముగా ఆమ్లభరితమగు సందర్భములును కలవు. మధుమేహరోగికి ఇన్సులిన్ చాలనప్పుడును, మూత్రపిండములు చెడినప్పుడును అట్లగును. అది రోగముయొక్క ఫలితము. దానికి చికిత్స వైద్యునియొద్ద కలదు, సీసాలో లేదు. ఈ క్షార సిద్ధాంతమును గ్రంథములద్వారా ప్రచారము చేసిన అమెరికావాసి రాబర్ట్ యంగ్, అనుమతి లేక వైద్యము చేసిన నేరమునకు 2016లో దోషిగా నిర్ణయింపబడి, 2017లో కారాగార శిక్ష పొందెను.

మరి పొట్టకు మేలు చేయునదేది? మన పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు వసించును. మనకు జీర్ణము కాని పీచుపదార్థము వానికి ఆహారము. అవి దానిని పులియబెట్టి కొన్ని ఆమ్లములను తయారుచేయును. వానిలో బ్యుటిరిక్ ఆమ్లము ప్రేగుగోడల కణములకు పోషణ. ఆమ్లమనగానే శత్రువని తరుమువారు దీనిని ఎరుగవలెను.

దంపుడు బియ్యము, రాగులు, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు ఈ పీచునకు నిలయములు. మన అవ్వల వంటింట ఒక మూల తరవాణి కుండ ఉండెడిది. గంజి పులిసి లాక్టిక్ ఆమ్లముతో కమ్మని పులుపెక్కెడిది. ఒడిశాలోని పఖాళము, తమిళనాటి పళయసోరు దానికి తోబుట్టువులే. కన్నడసీమ రాగిముద్దయు, మహారాష్ట్రపు జొన్నరొట్టెయు చెప్పునదియు అదే నీతి. మనము స్థిరపడిన ప్రతి సీమలోను ఇరుగుపొరుగుల వంటయే మనకు పాఠశాల.

పాతదంతయు మేలని మేము చెప్పము. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనము ఉప్పు సంగతి తలంపవలెను. జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి సూచనలలో దినమునకు 5 గ్రాములకు మించరాదని చెప్పినది. ఆ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలినది. తవుడు పోగొట్టిన తెల్లబియ్యమునే నమ్ముకొన్నవారిని పీడించిన వ్యాధి యది. నేడు మూడుపూటల ఆ తెల్లబియ్యమునే తినుచు, ఆరోగ్యమును సీసాలలో కొనుట ఏమి వివేకము?

మన పిల్లలలో తరవాణి యను మాట ఎరిగినవారెందరు? కుండతోపాటు మాటయు పోయినది. వేసవిలోనైనను శుభ్రమైన కుండలో దానిని మరల నిలుపుడు. పేరు చెప్పి పిల్లలకు పోయుడు. వైద్యుడిచ్చిన మందును మాత్రము ఆయన చెప్పనిదే మానకుడు.

సీసా తెచ్చిన ఆ పెద్దలు మా మాట మన్నించి మరునాడే వైద్యుని దర్శించిరి. మందు మరల వాడుచున్నారు.